మంచం కింది పిల్లికి ఇల్లు వెతకడం

పిల్లిని పెంచుకుందామని, దిక్కులేని జంతువులను చేరదీసే షెల్టర్‌కు వచ్చిన కుటుంబం పిల్లుల గదిలో గడిపేది మహా అయితే అరగంట. ఆ అరగంటలో తోక నిలబెట్టుకుని ఎదురొచ్చి, కాళ్ళకు ఒళ్ళు రుద్ది, చాపిన వేలిని వాసన చూసిన పిల్లికి ఇల్లు దొరుకుతుంది. మూలన లిట్టర్ ట్రే (మలమూత్రాలకు పెట్టే పళ్ళెం) వెనక, గోడకు వీపు ఆనించుకుని, కాళ్ళు నాలుగూ కిందికి ముడుచుకుని కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లిని చూసి “దీనికి ఒంట్లో బాగా లేదా?” అని అడిగి పక్క బోను దగ్గరకు నడుస్తారు. వారిని తప్పుపట్టలేము. బెదురు స్వభావం ఉన్న పెద్ద పిల్లి తన అసలు తీరు బయటపెట్టడానికి వారాలు తీసుకుంటుంది. వచ్చినవారు ఆ పూట కంటికి కనిపించినదాన్ని బట్టే నిర్ణయించుకుంటారు. ఇటువంటి పిల్లికి ఇల్లు దొరకకపోవడానికి దాని వయసునో పిరికితనాన్నో కారణంగా చెప్పి ఊరుకోవడం సరికాదని, ఎంపిక జరిగే చోటూ తీరూ రెండూ దానికి ప్రతికూలంగా ఉన్నాయని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల ప్రారంభించిన బ్లూక్రాస్ వంటి సంస్థల వల్ల, జంతువులను కొనకుండా దత్తత తీసుకోవచ్చన్న సంగతి తెలుగువారిలో చాలామందికి ఇప్పుడు తెలుసు. అయితే దత్తత అనగానే మనసులో మెదిలేది కుక్కపిల్లో పిల్లికూనో అవుతుంది గాని, పదేళ్ళకు దగ్గరపడిన నాటు పిల్లి కాదు. ఆ వయసు పిల్లి షెల్టర్‌కు వచ్చే దారులు కూడా కొన్నే. పెంచినవారు పోవడం ఒకటి. ఉద్యోగం బదిలీ అయి కొత్త ఊళ్ళో ఇంటి ఓనరు ఒప్పుకోకపోవడం మరొకటి. ఇంట్లో కోడలు నెల తప్పిందని తెలియగానే పిల్లి మలం ద్వారా సోకి కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి భయంతో తెచ్చి వదిలేయడం ఇంకొకటి. ఈ చివరి భయం పూర్తిగా నిరాధారం కాకపోయినా, సూక్ష్మజీవి సోకిన పిల్లి మలం అంటువ్యాధి కలిగించే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది గనుక, గర్భిణి కాక ఇంట్లో మరొకరు ట్రేను రోజూ శుభ్రం చేస్తే చాలా మటుకు తీరిపోయేదే. ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు మాత్రమే కావడం వల్ల ఆ సెక్షన్‌కు భయపడి ఆగినవారిని నేను చూడలేదు. ఆ లెక్కన తెచ్చి షెల్టర్‌లో అప్పగించినవారు కొంత నయమే.

నేను శని, ఆదివారాలు సాయానికి వెళ్ళే ఒక షెల్టర్‌లో ఆయాలు “అవ్వ” అని పిలిచే బూడిదరంగు చారల పిల్లి ఒకటి ఉండేది. ఒంటరిగా బతికిన ఒక రిటైర్డు టీచరు దాన్ని పెంచారు. ఆవిడ పోయాక, విదేశం నుంచి వచ్చిన కొడుకు పెద్దకర్మ ముగిసిన మర్నాడు దాన్ని బుట్టలో పెట్టి తెచ్చి, దానితోపాటు ఒక స్టీలు గిన్నె, సగం వాడిన మేత సంచీ, తల్లి పాత నేతచీర ముక్క ఒకటి అప్పగించి వెళ్ళాడు. మేము ఆ చీర ముక్కను శుభ్రంగా ఉతికి ఆరేసి బోనులో పరిచాము. పిల్లికి తెలిసిన ఒకే ఒక వాసనను సబ్బుతో కడిగేశామని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అవ్వ మూడు రోజులు మేత ముట్టలేదు.

ఇక్కడ ఆగి, “పిరికి పిల్లి” అన్న మాట కింద ఎన్ని వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయో విడదీసి చూడాలి. వాటికి మందు ఒకటి కాదు, అన్నిటికీ ఇల్లే మందు అనడానికి కూడా లేదు.

మొదటిది, మనుషుల స్పర్శ ఎన్నడూ ఎరగని పిల్లి. పిల్లికూనకు మనుషులు స్నేహితులని అలవాటయ్యే కాలం రమారమి రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉంటుందని 1980ల నాటి పరిశోధనలే చెప్పాయి. ఆ వారాలు గోదాములోనో, పాడుబడిన ఇంట్లోనో గడిచిపోయి, ఆ తరువాత కూడా మనిషి చేయి తగలకుండా పెరిగిన పిల్లికి మన ఇల్లు జైలుతో సమానం. దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకాలు చేయించి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, మేత పెట్టేవారున్న దాని పాత చోటనే వదలడం మేలు. రెండోది, ఇంట్లో పెరిగి, మనుషులను నమ్మి, చోటు మారడంతో హడలిపోయిన పిల్లి. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని పెద్దవాళ్ళు అనే మాటలో కొంత అతిశయోక్తి ఉన్నా, పిల్లికి తన చోటు, అందులోని వాసనలు, దారులు, దాక్కునే మూలలు మనం ఊహించేదానికంటే ఎక్కువ ముఖ్యం. షెల్టర్‌లో ఈ రెండు రకాల పిల్లులూ ఒకేలా కనిపిస్తాయి: రెండూ బుస కొడతాయి, రెండూ కళ్ళు పెద్దవి చేసి చెవులు వెనక్కి వాలుస్తాయి. తేడా రాత్రిపూట తెలుస్తుంది. మనుషులు లేని వేళ సీసీ కెమెరాలో చూస్తే, ఇంటి పిల్లి బోను కమ్మీలకు, గిన్నె అంచుకు చెంపలు రుద్దుతుంది, ఆయా గొంతు వినబడితే తల తిప్పి చూస్తుంది, మెత్తటి గుడ్డ దొరికితే ముందరి కాళ్ళతో పిండి పిసికినట్లు పిసుకుతుంది.

మూడోది నొప్పి. ముసలి పిల్లి దాక్కుంటున్నదంటే మొదట అడగవలసినది స్వభావం గురించి కాక శరీరం గురించి. పన్నెండేళ్ళు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించిన 2002 నాటి అమెరికన్ అధ్యయనంలో తొంభై పిల్లులకు కీళ్ళ అరుగుదల కనిపించింది. వాటిలో చాలా వాటి యజమానులకు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే పిల్లి కుంటదు, మూలగదు. ఎత్తుకు దూకడం మానేస్తుంది, వీపు నాక్కోవడం మానేస్తుంది, ఎత్తుకోబోతే విసుక్కుంటుంది. పుచ్చిన పన్ను, మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తపోటు పెరిగి చూపు మందగించడం, ఇవన్నీ ఆ వయసులో రాగలవే, ఇవన్నీ బయటికి బెదురులాగే కనిపిస్తాయి. అవ్వ విషయంలో కింది దవడలో రెండు పళ్ళు తీయించాక మేత తినడం మెరుగుపడింది. అంతకుముందు నెలన్నర పాటు మేమంతా దాన్ని “మనిషిని తలచుకుని బెంగపెట్టుకుంది” అనుకుంటూ జాలిపడ్డాము. బెంగ కూడా నిజమే అయి ఉండవచ్చు. పన్ను నొప్పి మాత్రం మేము చూసి ఉండవలసింది.

ఈ మూడింటికీ తోడు షెల్టర్ అనే చోటే నాలుగో కారణం. మన ఇళ్ళలోని పిల్లికి పూర్వీకురాలైన అడవిపిల్లి పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాలది. ఒంటరిగా వేటాడేది, తనకంటే పెద్ద జంతువులకు తానే ఆహారమయ్యేది. ఆపద వస్తే నక్కడం దాని మొదటి తెలివి, తిరగబడడం ఆఖరిది. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందన్న మన సామెత ఈ జీవశాస్త్రాన్ని సరిగ్గా పట్టుకున్నది. దాక్కోవడానికి చోటు లేని బోనులో, గోడ అవతల ఇరవై కుక్కలు మొరుగుతుండగా, రోజుకు పదిమంది కొత్తవాళ్ళు తొంగిచూస్తుంటే, ఏ పిల్లి ఎలా ప్రవర్తిస్తుందో అదే దాని స్వభావమని రాసుకోవడం పరీక్ష హాల్లో చెమటలు పట్టిన కుర్రవాణ్ణి చూసి వీడెప్పుడూ ఇంతే అనడం లాంటిది. పిల్లి ఒత్తిడిని భంగిమ, చెవులు, కనుపాపలు, ఊపిరి చూసి ఏడు మెట్లలో లెక్కకట్టే పద్ధతిని కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు 1997లో ప్రచురించారు. 2014లో నెదర్లాండ్స్‌లోని ఒక షెల్టర్‌లో కొత్తగా వచ్చిన పందొమ్మిది పిల్లులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు దాక్కునే పెట్టెలిచ్చి, ఈ పద్ధతితోనే గమనించినప్పుడు, పెట్టె ఉన్న పిల్లులు తొలి రోజుల్లోనే ముందుగా కుదుటపడ్డాయి. చాలా షెల్టర్లలో దీనికి వ్యతిరేకంగా ఆలోచిస్తారు: పెట్టె ఇస్తే లోపలే ఉండిపోతుంది, వచ్చినవారికి కనిపించదు, ఎవరూ తీసుకోరు అని. పక్కకు ఒరిగించిన అట్టపెట్టె ఖర్చు సున్నా, దానివల్ల తేలేది మాత్రం పిల్లి బయటికి రావాలా వద్దా అన్నది దాని చేతిలో ఉండడం. మా అనుభవంలో అట్టపెట్టెలో కూర్చున్న పిల్లి కొన్నాళ్ళకు తల బయటపెట్టింది. పెట్టె లేని పిల్లి ట్రేలోనే కూర్చుంది.

అన్నిటికంటే పనిచేసేది ఫోస్టర్ గది. షెల్టర్‌కు బయట, ఒక వాలంటీరు ఇంట్లో, ఒక చిన్న గదిలో నెలా రెండు నెలలు ఉంచితే, ఆ పిల్లి గురించి అప్పటిదాకా ఊహలుగా ఉన్నవి సమాచారంగా మారతాయి. అవ్వ పగలు గోద్రెజ్ బీరువా వెనక ఉండి, రాత్రి పదింటికి టీవీ కట్టేయగానే బయటికొచ్చి, గడప దగ్గర కూర్చుంటుందని. చపాతీ పిండి కలిపే చప్పుడుకు భయపడదు గాని మిక్సీ చప్పుడుకు మాయమవుతుందని. ఎత్తుకోవడం సహించదు గాని చెవి వెనక గీరితే గురగురలాడుతుందని మాకు తెలిసింది అక్కడే. దీన్ని బట్టి దానికి ఏ ఇల్లు సరిపోతుందో చెప్పవచ్చు. అంతకుముందు చెప్పగలిగినది “పాపం, మంచి పిల్లి” అన్న మాట ఒక్కటే.

ఇటువంటి పిల్లి కోసం ఇచ్చే ప్రకటనలో సాధారణంగా జరిగే పొరపాటు జాలి మీద ఆధారపడడం. “ప్లీజ్, ఎవరైనా తీసుకోండి, దీనికి ఎవరూ లేరు” అని రాస్తే వచ్చే ఫోన్లు ఆ క్షణపు ఆర్ద్రతతో వచ్చేవి. ఆర్ద్రత మంచం కింద నక్కిన పిల్లితో మూడు వారాలు సాగదు, నాలుగో వారంలో పిల్లి వెనక్కి వస్తుంది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు అంటాము. ఏడిళ్ళు తిరిగిన పెద్ద పిల్లి ప్రతి ఇంటితోనూ మరింత ముడుచుకుపోతుంది. అవ్వకు మేము చివరకు రాసిన ప్రకటన ఇలా ఉంది: “తొమ్మిదేళ్ళ ఆడపిల్లి. ఆపరేషన్, టీకాలు అయినవి. ఒడిలో కూర్చోదు. మొదటి నెల మీకు తోక మాత్రమే కనిపించవచ్చు. ట్రే తప్ప మరో చోట పాడుచేయదు. సోఫా గీరదు. సాయంత్రాలు ఇంట్లో ఉండి, టీవీ గొంతు తగ్గించి పెట్టుకునేవారికి సరిపోతుంది. చిన్నపిల్లలు, కుక్కలు ఉన్న ఇంటికి ఇవ్వము.” దీనికి వచ్చిన ఫోన్లు నాలుగే. నాలుగింటిలోనూ అవతలివారు ప్రకటన పూర్తిగా చదివి మాట్లాడారు.

ఎటువంటి ఇల్లు అన్న ప్రశ్నకు ఇల్లు ఎంత పెద్దదన్నది దాదాపు అనవసరం. ఇద్దరుండే రెండు గదుల ఫ్లాట్, ఎనిమిదిమంది తిరిగే డూప్లెక్స్ కంటే మేలు. నడక నేర్చే పిల్లలున్న ఇల్లు వద్దు. ఉద్యోగ విరమణ చేసినవారి ఇల్లు, ఇంటినుంచే పనిచేసే ఒంటరివారి ఇల్లు బాగా కుదురుతాయి. పూర్తి శాకాహారుల ఇల్లయితే ముందే విడమరిచి మాట్లాడుకోవాలి. పిల్లి శరీరానికి మాంసంలోనే దొరికే టారిన్ అనే పోషకం తప్పనిసరి, అది లేకపోతే కాలక్రమంలో గుండె, కళ్ళు దెబ్బతింటాయి. పెరుగన్నం పెట్టి పిల్లిని సాకామని చెప్పే ఇళ్ళలో ఆ పిల్లి మిగతా భోజనం పెరట్లో ఎలుకలు, బల్లుల రూపంలో తానే చూసుకునేది. నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఆ సదుపాయం లేదు. పాలు కూడా ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి అరగవు, విరేచనాలవుతాయి. ఇంట్లో మాంసం వండకపోయినా డబ్బా మేత, పొడి మేత పెట్టడానికి అభ్యంతరం లేని శాకాహార కుటుంబాలు ఉన్నాయి, వారికి నిశ్చింతగా ఇవ్వవచ్చు.

పిల్లి వచ్చేముందు ఇంటిని చూడడానికి వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది బాల్కనీ. పావురాల కోసం కట్టే నైలాన్ వల పిల్లి గోళ్ళకు, పళ్ళకు ఆగదు. బెదిరిన పిల్లి దాని సందుల్లోంచి దూరిపోగలదు. మొదటి నెల బాల్కనీ తలుపు మూసే ఉంచాలి, ఆపైన ఇనుప జాలీ వేయించాలి. రెండోది బాత్రూము మూల: ఫినాయిల్. ఫినాల్ వంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలనే నాక్కుంటుంది. అదే కారణాన జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి పిల్లిని చంపగలదు. కుక్కల పేలకు వాడే పర్మెత్రిన్ మందు కూడా అంతే ప్రమాదం. ఈ మూడు మాటలు చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు, ఎందుకంటే మూడూ ప్రేమతోనే జరిగే తప్పులు.

ఆపైన చేయవలసినది చాలావరకు చేయకుండా ఉండడమే. మొదట ఇల్లంతా చూపించకుండా ఒకే గది ఇవ్వాలి. అందులో ఒక మూల ట్రే, దానికి దూరంగా మేత, నీళ్ళు, మధ్యలో దాక్కునే పెట్టె. కీళ్ళు పట్టేసిన పిల్లికి అంచు ఎత్తు తక్కువగా ఉన్న ట్రే కావాలి, కిటికీ గట్టు ఎక్కడానికి ఒక పీట కావాలి. షెల్టర్‌లో వాడిన గుడ్డను ఉతకకుండా వెంట పంపాలి; ఫోస్టర్ గదిలోని దుప్పటి ముక్క పంపితే ఇంకా మంచిది. మంచం కింది నుంచి చీపురుతో తోలడం, చేత్తో లాగడం, బంధువులు రాగానే “మా కొత్త పిల్లిని చూపిస్తాం రండి” అని టార్చిలైటు వేయడం, వీటిలో ఏ ఒక్కటి చేసినా వారం వెనక్కి పోతుంది. దీపావళికి ముందు పదిహేను రోజుల్లో పిల్లిని కొత్త ఇంటికి పంపకూడదని మేము నియమమే పెట్టుకున్నాము.

ఆ గదిలో రోజూ ఒకే వేళకు వెళ్ళి, నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, పేపరు పైకి చదువుకుంటూ ఉండడం తెలిసినవారు చెప్పే పద్ధతి. సూటిగా చూడకూడదు, చూసినప్పుడు కళ్ళు నెమ్మదిగా సగం మూసి తెరవాలి. ఇలా కళ్ళార్పిన అపరిచితుడి చేతి దగ్గరకు పిల్లులు ఎక్కువగా వచ్చాయని బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది. ఓపిక పట్టడానికి వీల్లేని సంగతి ఒకటే ఉంది: మేత. దాక్కుంటే దాక్కోనివ్వండి, కాని రాత్రి గిన్నె ఖాళీ అవుతున్నదా, ట్రే తడుస్తున్నదా చూడాలి. రెండు రోజులు ఏమీ తినని పిల్లికి, అందునా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు స్వభావం, ఓపిక అన్న మాటలు పక్కనపెట్టి పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్ళాలి. అవ్వ షెల్టర్‌లో మూడు రోజులు తినకపోయినా మేము చూస్తూ ఊరుకున్నది తెలియక. అది బతికి బయటపడడం మా గొప్ప ఏమీ కాదు.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని షెల్టర్లవారు ఒక లెక్క చెబుతుంటారు: మూడు రోజులకు భయం కొంత దిగుతుంది, మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి, మూడు నెలలకు ఇల్లు తనదవుతుంది అని. ఇది కుక్కల కోసం పుట్టిన స్థూలమైన లెక్క. పెద్ద పిల్లికి ప్రతి అంకె రెట్టింపు అయినా ఆశ్చర్యపోనక్కరలేదు. పైగా దారి తిన్నగా ఉండదు. పదోరోజు హాల్లోకి వచ్చిన పిల్లి, పక్కింట్లో డ్రిల్లింగు మొదలైతే, మళ్ళీ పెట్టెలోకి వెళ్ళి వారం కూర్చుంటుంది. తీసుకున్నవారికి ఈ మాట ముందే చెప్పకపోతే తమకు చేతకాలేదనుకుని వెనక్కి తెచ్చేస్తారు.

వయసు గురించిన ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పాలి. వీధి నుంచి వచ్చిన పిల్లి అసలు వయసు పళ్ళు, కళ్ళు చూసి వేసే అంచనాయే. పశువైద్యుల లెక్కలో ఏడు నుంచి పదేళ్ళు నడివయసు, పదేళ్ళు దాటితే వృద్ధాప్యం. ఇంటిపట్టున ఉండే పిల్లి పదిహేనేళ్ళు బతకడం అరుదేమీ కాదు గనుక తొమ్మిదేళ్ళ పిల్లిని తీసుకున్నవారు మరో ఐదారేళ్ళకు సిద్ధపడాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, రక్తపరీక్ష, పళ్ళు, మున్ముందు మూత్రపిండాలకు ప్రత్యేకమైన మేత, ఇవన్నీ ఖర్చే. ఆ ఖర్చు దాచి ఇస్తే ఏడాది తిరిగేసరికి పిల్లి బోనులోకి వస్తుంది. బదులుగా దొరికేవి కూడా నిజమే: పిల్లికూనలా అర్ధరాత్రి కర్టెన్లు ఎక్కదు, దాని స్వభావం ఇప్పటికే స్థిరపడింది, రేపెలా పెరుగుతుందో అన్న సందేహం లేదు.

అవ్వను తీసుకున్నది కూకట్‌పల్లిలో ఉండే ఒక పెద్ద జంట. పిల్లలిద్దరూ అమెరికాలో. ఇటువంటి ఇళ్ళు ఇటువంటి పిల్లులకు ఎంతగా సరిపోతాయో అంత పెద్ద చిక్కు కూడా వాటిలో ఉంది: రెండేళ్ళకోసారి, కోడలి కానుపుకో మనవడి పుట్టినరోజుకో, ఐదారు నెలలు తాళం వేసి వెళ్ళిపోతారు. మా ఒప్పంద పత్రంలో ఆపరేషన్, టీకాలు, తిరిగి ఇవ్వదలిస్తే మాకే ఇవ్వాలన్న షరతులతో పాటు, ఆ నెలల్లో పిల్లి ఎక్కడ ఉంటుందన్న గడి ఒకటి ఉంటుంది. చాలామంది “చూసుకుంటాం లెండి” అంటారు. ఆ గడి ఖాళీగా వదిలితే మేము సంతకం పెట్టము. ఆ పెద్దాయన మొదట బోర్డింగు పేరు రాశారు. కొత్త చోటు, కుక్కలు, బోనులు, అంటే మళ్ళీ మొదటికే వస్తుందని చెప్పాక దాన్ని కొట్టేసి, ఎదురు ఫ్లాట్‌లోని డిగ్రీ చదివే అమ్మాయి పేరు రాసి, ఆ పిల్లను అప్పటికప్పుడు పిలిచి సంతకం పెట్టించారు. ప్రయాణం ఇంకా ఏడాది ఉందనగానే రోజూ సాయంత్రం పావుగంట వచ్చి గడప దగ్గర కూర్చోవడం తన పని అని పెద్దాయన భార్య ఆ అమ్మాయికి చెప్పారట. ఇప్పటికి నాలుగో నెల. అమ్మాయి ఉన్నంతసేపూ అవ్వ సోఫా కిందే ఉంటుంది, కాని గత వారం నుంచి ముందరి కాళ్ళు రెండూ బయటికి పెట్టి పడుకుంటోందని ఫోన్ చేశారు.